ఎండ పడని ఇల్లు

మా అప్ప మొహం మీద ఆ ఎరుపు మొదటిసారి కనిపించిన సాయంత్రం, అది ఖనిజం దుమ్మనుకుంది మా అమ్మ.

అనుకోవడంలో వింతేమీ లేదు. డెబ్బైలలో మేం విశాఖపట్నం పోర్టు పక్కనే ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో కళాసీ. ఓడలకి ఇనప ఖనిజం ఎత్తే రోజుల్లో గాలి మావైపు తిరిగిందంటే కిటికీ ఊచలూ, ఆరేసిన బట్టలూ, బిందె మీది మూతా అన్నీ ఎర్రబడేవి. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీరల్ని అమ్మ ఇంటి లోపలే తాడు కట్టి ఆరేసేది. అక్కని మా వైపు అప్ప అంటారు. మా అప్ప ఓ షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టు. ఆ సాయంత్రం తను బస్సు దిగి ఇంట్లోకి రాగానే అమ్మ కొంగు తడిపి తన బుగ్గలు రెండూ, ముక్కు మీదా తుడిచింది. కొంగుకి ఏమీ అంటలేదు. ఇంకొంచెం గట్టిగా తుడిచింది.

"ఊరుకో అమ్మా, మండుతంది," అంది అప్ప.

"ఏటిది? పోదేటి?" అంది అమ్మ, కొంగు వెలుగులో పట్టి చూసుకుంటూ.

అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. రోజూ పొద్దున నాకు జడలు వేసేది అప్పే. ఆ రోజుల్లోనే ఓ పొద్దున జడ సగం అల్లి ఆపేసింది. వెనక్కి తిరిగి చూస్తే తన వేళ్ళకేసి చూసుకుంటోంది. అవి ముడుచుకోవడం లేదు. "ఉండవే, కాస్సేపు," అంది. కాసేపటికి కూడా ముడుచుకోలేదు. ఆ రోజు నేను ఒక జడతోనే బడికెళ్ళాను.

తర్వాత సాయంత్రాలు జ్వరం మొదలైంది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. క్వయర్లో రెండో వరసలో నిలబడి పాడే మనిషి, పాట మధ్యలో బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వీధి చివరి డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. ఇంకో ఆయన రక్తం తక్కువన్నాడు. సంఘం పెద్దలు వచ్చి నుదుట నూనె రాసి ప్రార్థన చేశారు. పక్కింటావిడ అమ్మోరు చూపు అంది. ఎవరూ చెడుకి చెప్పలేదు. తెలియక, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

నాన్నతో పనిచేసే ఒకాయన ఎలమంచిలిలో ఉన్న ప్రకృతి వైద్యుడి గురించి చెప్పాడు. రిటైరైన బడిపంతులట, డబ్బు పుచ్చుకోడట. వేసవి సెలవులు కాబట్టి అమ్మా, అప్పా, నేనూ ప్యాసింజరు బండెక్కి వెళ్ళాం.

ఆ పంతులుగారిని మేం తాతగారు అనేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేవాడు. ఇంటి వెనక పెరట్లో తాటాకు పాకలు వేసి రోగుల్ని ఉంచేవాడు. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం, మధ్యాహ్నం ఉప్పు లేని ఉడికిన కూరలు, సాయంత్రం పళ్ళు. మొదటి వారంలోనే అప్ప పాదాల వాపు తగ్గింది. అమ్మ మురిసిపోయింది. ఆ తర్వాత తాతగారు సూర్యస్నానం మొదలుపెట్టించాడు. పెరట్లో అరిటాకులు పరిచి, తల మీద తడిగుడ్డ వేసి, పల్చటి నూలుగుడ్డతో అప్పని ఎండలో పడుకోబెట్టేవారు. ఒక పక్క కాలాక రెండో పక్కకి తిప్పాలి. అమ్మే దగ్గర కూర్చుని తిప్పేది.

మొహం మీది ఎరుపు మెడకి దిగింది, చేతులకి పాకింది. జ్వరం పెరిగింది. "లోపలి మలినం బయటికొస్తోందమ్మా, మంచి సూచనే," అన్నాడు తాతగారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నమ్మిందే చెప్పాడు. సెలవులు అయిపోయి మేం బయలుదేరుతుంటే, "ఎలా ఉందమ్మా?" అని అప్పని అడిగాడు. అన్నాళ్ళు అంత ప్రేమగా చూసిన పెద్దాయనతో ఏమంటుంది? "బాగుంది తాతగారూ," అంది. ఆయన కళ్ళు మెరిశాయి.

ఇంటికొచ్చాక నోరు చచ్చిపోయిందని అప్ప ఉప్పుచేప అడిగింది. ఆవకాయ అడిగింది. అడగడమే పదివేలని అమ్మ అన్నీ పెట్టింది. వానలు మొదలయ్యేసరికి పాదాల వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. పెద్దాసుపత్రిలో కిడ్నీలు పోయాయన్నారు. ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేదు, మాకు అడగడం తెలియలేదు. క్రిస్మస్‌కి చర్చిలో రెండో వరసలో ఆ చోటు ఖాళీగానే వదిలేసి పాడారు.

ఆ తర్వాత మా ఇంట్లో తన మాట ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ మాత్రం ఖనిజం దుమ్ము తుడుస్తూ తుడుస్తూ ఒక్కోసారి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

నా పెళ్ళి ఎనభైల మొదట్లో అయింది. మా ఆయనకి ఆటోనగర్‌లో చిన్న లేతు షాపు. గాజువాకలో అద్దెకి ఉండేవాళ్ళం. ఓ పక్క స్టీల్ ప్లాంటు కడుతున్నారు, ఊరంతా లారీలు, కొత్త మొహాలు. నేను ఓ ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరాను. మొదటి కడుపు నిలవలేదు. దాని తర్వాత ఏదో నీరసం పట్టుకుని వదల్లేదు. పొద్దున చాక్‌పీసు పట్టుకుంటే వేళ్ళు నొప్పి. పిల్లల ఆటల పోటీలకి ఒక రోజంతా మైదానంలో నిలబడ్డాను. మర్నాడు జ్వరం వస్తే, రెండ్రోజులు అమ్మ దగ్గరుందామని పోర్టు దగ్గరి ఇంటికి వెళ్ళాను.

గుమ్మంలో కూర్చుని ఉన్నాను. మాకు ఎప్పటినుంచో చేపలు తెచ్చే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని సందు మలుపు తిరిగింది. నన్ను చూసి ఆగిపోయింది. తట్ట కిందికి దించి, అక్కడే చతికిలబడింది.

"ఓలమ్మో! పెద్దమ్మి ఒచ్చీసినాదేటి అనుకున్నాను," అంది గుండె మీద చెయ్యేసుకుని. "నువ్వా తల్లీ. మొహం అదే. అచ్చు అదే."

ఆ మాట విని అమ్మ లోపల్నించి వచ్చింది. నా మొహం చూసింది. కొంగు చేతిలోకి తీసుకుంది, బిందెలో ముంచింది, నా బుగ్గ దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది ఆ చెయ్యి. తుడవలేదు. తడి కొంగు నుంచి చుక్కలు నా ఒళ్ళో పడ్డాయి.

నేను లేచి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ముక్కు మీద వంతెన వేసినట్టు, రెండు బుగ్గల మీదా ఎరుపు. అద్దంలోంచి అప్ప నన్ను చూస్తోంది.

ఈసారి ఎవర్నీ అడగలేదు అమ్మ. మర్నాడే నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక లేడీ డాక్టరు నా చేతులు తిప్పి చూసింది, రక్తం తీయించింది, మూత్రం పరీక్ష చేయించింది. వారం తర్వాత పిలిచి కూర్చోబెట్టి, జబ్బు పేరు చెప్పింది. లూపస్. ఒంట్లో కాపలా కాసే బలమే దారి తప్పి సొంత ఒంటి మీద పడుతుందంది. పూర్తిగా పోదు కానీ అదుపులో పెట్టొచ్చంది. స్టెరాయిడ్ మాత్రలు, వాటితో పాటు మలేరియాకి వాడే మాత్ర ఒకటి రాసింది. "ఇవి మీ అంతట మీరు ఆపకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. ఎముకలకి పాలు, రాగులు, అదే చోళ్ళు, ఆకుకూరలు తీసుకోవాలి. కాల్షియం మాత్రలు వేసుకోవాలి. విశ్రాంతి కావాలి. అన్నిటికంటే ముందు, ఎండ పడదు," అంది.

అమ్మ అంతవరకూ తల ఊపుతూ ఉంది. అప్పుడు ఆగింది.

"ఎండంటే... సూరీడెండేనా అమ్మా?"

"అవునమ్మా."

"పొద్దుటెండ మంచిదంతారు కదా?"

"ఈ జబ్బుకి ఏ ఎండా మంచిది కాదు. ఎండ తగిలితే జబ్బు రేగుతుంది." డాక్టరు అమ్మ మొహం చూసి, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?" అని అడిగింది.

నేను అప్ప సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. "చూడని మనిషి గురించి నేను ఖాయంగా చెప్పలేను. ఆ రోజుల్లో దీన్ని గుర్తుపట్టడమే కష్టం. ఎండ వల్లే అలా జరిగిందని అనుకోకండి," అంది.

కానీ అమ్మ వినాల్సింది అప్పటికే వినేసింది. గాజువాక బస్సులో నా పక్కన కూర్చుని మందుల చీటీని మడత మీద మడత పెట్టింది. తర్వాత చెప్పింది, మెల్లగా, ఎవరికో కబురు చెప్పినట్టు:

"నానే తిప్పినాను దాన్ని. ఇటేపు కాలింది, అటేపు తిరుగే అని నానే తిప్పినాను."

నాన్న అప్పటికి లేరు. అమ్మ పోర్టు దగ్గరి ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజే ముదురు నీలం గుడ్డ కొని అన్ని కిటికీలకీ తెరలు కుట్టింది. మా ఆయన షాపులో రేకు కోసి, కిటికీల పైన చూరులా దించి బిగించాడు. మా ఇంట్లో మధ్యాహ్నం కూడా మసక వెలుతురే. నేల మీద ఎక్కడైనా బెత్తెడు ఎండ పడితే అమ్మ వెళ్ళి తెర సర్దేది. పాముని చూసినట్టు చూసేది ఆ ఎండ ముక్కని.

వంట తన చేతిలోకి తీసుకుంది. పొద్దున పాలు కలిపిన చోడి అంబలి. మధ్యాహ్నం ములగాకు గానీ తోటకూర గానీ వేసిన పప్పు. వారంలో రెండు మూడుసార్లు కవ్వళ్ళో కానాగంతలో, ఏవో ఒక చేపలు, పచ్చివే, అల్లం, మిరియాలు, చింతపండు వేసి పులుసు పెట్టేది. ఉప్పు డబ్బా పై అరలో, చేతికి అందని చోట పెట్టింది. ఎండుచేప, అప్పడం, పచ్చడి ఇంటికి రాకూడదు. నాకు చప్పిడి కూడు పెట్టి తను ఇంకోటి తినేది కాదు. "మీరు వేసుకోండి అత్తా," అని మా ఆయన ఎంత చెప్పినా, "నాకు సయించదు బాబూ," అనేది.

మాత్రలు వేసుకుంటే ఆకలి రాక్షసిలా ఉండేది. స్కూల్లో పిల్లల టిఫిన్ డబ్బాల్లోంచి ఊరగాయ వాసన వస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మొహం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు నిండాయి. తెలియని వాళ్ళు "బాగా ఒళ్ళు చేశావు, పెళ్ళి కలిసొచ్చింది," అనేవారు. హెడ్మిస్ట్రెస్‌ని బతిమాలి వరండా వైపు కాక లోపలి గది తీసుకున్నాను. పొద్దుటి ప్రార్థనకి మైదానంలోకి వెళ్ళకుండా ఒప్పించుకున్నాను. నిండు చేతుల జాకెట్టు, నల్ల గొడుగు. పిల్లలు నన్ను గొడుగు టీచరు అనేవారు. తెల్లారకముందే లేచి, సూర్యుడు రాకముందే కాస్త నడిచి వచ్చేదాన్ని. మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవడం, ఒంట్లో బాగున్న రోజున కూడా ఎక్కువ పని పెట్టుకోకపోవడం నేర్చుకున్నాను. అన్నిటికంటే కష్టమైంది అదే. బాగున్న రోజున మనిషికి ఆశ పుడుతుంది. డాక్టరు చేపనూనె మాత్రలు కూడా చేర్చింది, "మేలు చేస్తే చెయ్యొచ్చు, కానీ అసలు మాత్రల బదులు మాత్రం కాదు," అని.

నెలలు గడిచేసరికి కీళ్ళ నొప్పులు తగ్గాయి. మూత్రం పరీక్ష బాగా వచ్చింది. డాక్టరు మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించింది. నేను కోలుకుంటున్న కొద్దీ అమ్మ చిక్కిపోతూ వచ్చింది. నాకు పెట్టే ప్రతి ముద్దా ఇంకొకళ్ళకి పెట్టకపోయిన ముద్దలా ఉండేది ఆమెకి. ఒకసారి అంబలి గ్లాసు నాకు అందిస్తూ, "ఉప్పుసేప అడిగింది. అడిగిందని ఎట్టీసినాను," అంది. ఎవరని నేను అడగక్కర్లేదు.

ఇంకో పొద్దున లేచి చీర మార్చుకుని కూర్చుంది.

"ఎలమంచిలి ఎల్దాం, రా."

"ఇప్పుడెందుకమ్మా?"

"ఆ ముసిలాయన ఇంకా ఎండలో తొంగోబెడతన్నాడేమో. సెప్పాల."

చీకటితో బండెక్కాం. ఎండ పడని వైపు సీటు చూసుకుని కూర్చున్నాను. స్టేషన్ నుంచి ఆ ఇంటికి గొడుగులో నడిచాం. పాకలు అలాగే ఉన్నాయి. తాతగారు బాగా ముసలాడైపోయాడు, వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు ముగ్గురు రోగులు. మేం మెట్లెక్కుతుంటే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ముందు అమ్మని గుర్తుపట్టాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"వచ్చావా తల్లీ! ఇన్నేళ్ళకి!" అన్నాడు. బెంచీ మీద వాళ్ళవైపు తిరిగాడు. "నేను చెప్తూ ఉంటానే, పోర్టు నుంచి వచ్చిన టైపిస్టు అమ్మాయి, వేళ్ళు ముడుచుకోకుండా వచ్చి, బాగై వెళ్ళిందని. ఈ అమ్మాయే. చూడండి, ఎంత నిండుగా ఉందో!"

మాత్రలకి ఉబ్బిన నా బుగ్గలకేసి అందరూ ఆశగా చూశారు.

ఆ పెరట్లో, ఆ ముసలాయన మాటల్లో, ఇన్నేళ్ళూ అప్ప బతికే ఉంది. జబ్బు నయమై ఇంటికెళ్ళింది, ఉద్యోగం చేసుకుంటోంది. ఎంతమంది రోగులకో ధైర్యం చెప్పింది. అమ్మకేసి చూశాను. ఒక్క క్షణం అనిపించింది, అమ్మ చెప్పదు, ఇలాగే వెనక్కి వెళ్ళిపోతాం అని.

వెనక పెరట్లో అరిటాకుల మీద ఎవరో పడుకుని ఉన్నారు. అమ్మ చూపు అటు పోయింది.

"ఇది సిన్నది బాబూ," అంది. "పెద్దది సచ్చిపోనాది. మీ దగ్గిర నుంచి ఎల్లిన ఏడాదే."

తాతగారు కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "బాగుందని చెప్పింది కదమ్మా నాతో," అన్నాడు.

"మీ మనసు కట్టపెట్టలేక సెప్పింది."

అప్పుడు నేను మాట్లాడాను. జబ్బు పేరు, డాక్టరు చెప్పిన సంగతులు, మాత్రలు, ఉప్పు, ఎండ. ఉప్పు మానమని ఆయన చెప్పింది సరైనదే అని కూడా చెప్పాను. ఆయన అది విన్నట్టు లేదు. గోడ పట్టుకుంటూ పెరట్లోకి నడిచాడు. అరిటాకుల మీద ఉన్నది ఓ నడివయసు ఆవిడ, నడుం నొప్పికి వచ్చింది. ఆవిడకి ఎండ వల్ల హాని లేదని నాకు తెలుసు. అయినా అమ్మ ఆయన్ని దాటుకుని వెళ్ళి, నా గొడుగు ఆవిడ మొహానికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఆవిడ బిత్తరపోయి లేచి కూర్చుంది.

మేం బయలుదేరుతుంటే తాతగారు మా గాజువాక చిరునామా రాయించుకుని, నా దగ్గరకొచ్చి, "ఆ ఎరుపు ఎలా ఉంటుందో నాకు ఇంకోసారి చూపించమ్మా," అన్నాడు. నేను మొహం ఎత్తి నిలబడ్డాను. అప్పటికి బాగా వెలిసిపోయింది, కానీ ఆనవాలు ఉంది. ముసలి కళ్ళు దగ్గరగా పెట్టి చూశాడు. ఆయన ఊపిరి నా బుగ్గకి తగిలింది.

తిరుగు బండిలో అమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. అనకాపల్లి దాటాక అంది:

"ఆడ బతికే ఉందే అది. నాను ఎల్లి సంపీసినాను."



తర్వాత రెండేళ్ళకి, ఒక పిల్లని వెంటబెట్టుకుని ఓ రైతు మా గుమ్మం ముందుకొచ్చాడు. ఎలమంచిలి పంతులుగారు పంపించారండి, మిమ్మల్ని ఆసుపత్రికి దారి చూపించమన్నారండి, అన్నాడు. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. బుగ్గల మీద అదే ఎరుపు. అమ్మే వాళ్ళని తీసుకెళ్ళింది. అదే జబ్బని తేలింది. ఆ పిల్ల ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో దిగేది. అమ్మ తనకి చప్పిడి పులుసు వండటం నేర్పింది. మాత్ర వేసుకున్నాక నోరు తెరిచి చూపించమనేది. ఎండలో వచ్చిందని తెలిస్తే తిట్టేది. మా ఇద్దరికీ చెరో పక్కా పళ్ళెం పెట్టి, తను మధ్యలో కూర్చునేది. ఆ రోజుల్లో మాత్రం అమ్మ కాస్త తిన్నట్టు గుర్తు.

ఎనభైల చివర్లో అమ్మ గుండె ఆగి పోయింది. సమాధి చేసింది మిట్టమధ్యాహ్నం. గొయ్యి చుట్టూ ఒక్క చెట్టు లేదు. కబురు తెలిసి ఆ పిల్ల వచ్చింది, వచ్చి నా గొడుగులో దూరింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఒకరినొకరం ఆనుకుని నిలబడ్డాం. మట్టి వెయ్యడం అయ్యాక, మా ఇంటి సంగతి ఎరగని పెద్దావిడ ఒకామె మా దగ్గరకొచ్చి, మా మొహాలు మార్చి మార్చి చూసింది.

"సొంత అప్పసెల్లెల్లేటమ్మా మీరు?" అంది.

"అవునండి," అంది ఆ పిల్ల, నాకంటే ముందు.